నేను తప్పుగా కొలిచిన గుండె

ఇరవై రెండేళ్ల పాటు నేను గుండెలు కొలిచి బతికాను. సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎకో టెక్నీషియన్‌ని. రోగి ఎడమపక్కకు తిరిగి పడుకుంటాడు. ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, చేతిలోని ప్రోబ్ ఆనిస్తే తెర మీద గుండె కనిపిస్తుంది. గదులెంత వెడల్పున్నాయి, గోడలెంత మందమున్నాయి, కవాటాలు సరిగ్గా మూసుకుంటున్నాయా అని చూసి, కొలిచి, అంకెలు వేసి డాక్టరుగారికి పంపించేవాణ్ణి. రోగం పేరు చెప్పే హక్కు నాకు లేదు. నా పని అంకె వరకే. ఒట్టి అంకెతో ఎవరికేం జరుగుతుందిలే అని చాలాకాలం అనుకున్నాను.

పోయిన ఏడాది రిటైరై రాజమండ్రి వచ్చేశాక, ఇక్కడి కాలేజీలో అప్పుడప్పుడూ పిల్లలకు పాఠం చెప్పమని పిలుస్తున్నారు. పాఠం అయిపోగానే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, సౌదీలో పెద్దపెద్దవాళ్లకు చేసుంటారు కదా, ఒక గొప్ప కేసు చెప్పండి." గొప్ప కేసులు నాకూ ఉన్నాయి. అవి చెబితే నా గొప్ప తెలుస్తుంది తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా మాట దాటేసిన కేసు ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. నా పేరు కూడా.

ఈ కొన్నేళ్లలో సౌదీలో ఫుట్‌బాల్ ఎంత పెరిగిందో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. మా వైపు కూడా ఒక క్లబ్బు ఉండేది. పెద్దది కాదు. కొత్త ఆటగాడిని తీసుకునేముందు పరీక్షలన్నీ మా ఆసుపత్రిలోనే చేయించేది. మోకాలు, రక్తం, కళ్లు, గుండె, అన్నీ. నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. గోల్ పడితే అందరూ లేచి అరుస్తారని తెలుసు, అంతే. ఆటగాళ్లు నాకు ఛాతీల వరుసగానే పరిచయం.

ఆ చలికాలం ఒక ఆదివారం ఉదయం క్లబ్బు నుంచి ముగ్గురు వచ్చారు. అక్కడ ఆదివారమంటే వారంలో మొదటి పనిరోజు. మామూలు రోగులే గది బయట బారులు తీరి ఉన్నారు. వాళ్ల మధ్యలో ఈ ముగ్గురు. క్లబ్బు తరఫున వచ్చిన సౌదీ ఆయన తలుపు దగ్గర నిలబడి వాచీ చూసుకుంటూ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. ముగ్గురిలో చివరివాడు ఇంగ్లండు కుర్రాడు. పంతొమ్మిది నిండి ఇరవై నడుస్తోంది. అక్కడి పెద్ద క్లబ్బు ఒకటి ఇతన్ని ఆ సీజన్ చివరిదాకా ఇక్కడికి అప్పుగా పంపింది. ఆటగాళ్లను అప్పుగా పంపుతారని నాకు తెలిసింది అప్పుడే.

సన్నటి ఒళ్లు, ఎర్రటి చెవులు. పడుకోగానే అడిగాడు: "కనిపిస్తోందా?"

"ఏమిటి?"

"గుండె. మా పాత కోచ్ నాకది లేదనేవాడు."

నేను నవ్వలేదు. నా కళ్లు అప్పటికే అతని ఈసీజీ కాగితం మీద ఉన్నాయి. గుండె గోడ మందంగా ఉండవచ్చని సూచిస్తూ మిషన్ దానిమీద ఒక వాక్యం అచ్చు వేసింది. మిషన్ అలాంటివి చాలామందికి వేస్తుంది, ముఖ్యంగా ఆటగాళ్లకు. అయినా ఆ వాక్యం చదివాక, గోడ మందంగా ఉందేమో అని కాక, ఎక్కడ మందంగా ఉందా అని వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు నాకా తేడా తెలియలేదు.

"పదహారేళ్లప్పుడు మా దగ్గర కూడా ఇది చేశారు. అంతా బాగుందన్నారు," అన్నాడు.

"ఊపిరి బిగబట్టు," అన్నాను నేను.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. గుండెలో కుడి గదికీ ఎడమ గదికీ మధ్య ఒక గోడ ఉంటుంది. రోజూ పరుగెత్తేవాళ్లలో అది కసరత్తు చేసిన కండలాగా కొంచెం బలుస్తుంది. అది రోగం కాదు. కానీ పుట్టుకతో వచ్చే ఒక రోగంలోనూ ఆ గోడ బలుస్తుంది. ఆ రోగం ఉన్నవాడు మైదానంలో పరుగెత్తుతూ పరుగెత్తుతూనే కుప్పకూలిపోవచ్చు. మంచి బలుపుకీ చెడ్డ బలుపుకీ మధ్య తేడా రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ గోడను ఆనుకుని కుడివైపు ఒక కండ పోగు కూడా ఉంటుంది. ప్రోబ్ కాస్త ఒరిగిందంటే ఆ పోగూ గోడా ఒకటే అన్నట్టు కనబడతాయి.

నేను ఆ పోగుని కూడా కలిపి కొలిచాను. పదహారు మిల్లీమీటర్లు.

కొలిచిన చోట చిత్రాన్ని ఆపి, దాన్నే దాచి, డాక్టరుగారికి పంపాను. ఆయన ఈజిప్టు మనిషి. ముప్పై ఏళ్ల అనుభవం. నాకన్నా ఎంతో పదునైన కళ్లు. కానీ ఆయన ముందుకు వెళ్లింది నేను ఆపి పంపిన ఆ చిత్రమే. నేను చూపించినదే ఆయన చూశారు.

మర్నాడు ఆ కుర్రాడిని గదిలోకి పిలిచి చెప్పినప్పుడు, ఫైలు పట్టుకుని నేనూ అక్కడే నిలబడి ఉన్నాను.

"ఎన్నాళ్లు ఆగాలి?" అని అడిగాడు.

"ఆగడం గురించి కాదు నాయనా. అనుమానమే ఇంకా. కానీ ఆ రోగమే అయితే ఇక ఆడకూడదు," అన్నారు డాక్టరుగారు. "ఎమ్మారై తీస్తే తేలుతుంది. అప్పటిదాకా పరుగెత్తకు. మెట్లు కూడా నెమ్మదిగా ఎక్కు."

మా ఎమ్మారై మిషన్ ఆ వారం పాడైపోయి విడిభాగం కోసం ఎదురుచూస్తోంది. క్లబ్బువాళ్లకు అంత ఓపిక లేదు. ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే గడువు తొమ్మిది రోజుల్లో ముగుస్తుంది. ఇతను కాకపోతే ఇంకొకరిని చూసుకోవాలి. ఇంగ్లండులోనే తీయించుకోమను అన్నారు.

నిజం చెప్పాలి కదా. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ నాకు బాధతో పాటు కొంచెం గర్వం కూడా కలిగింది. ఒక పిల్లవాడి ప్రాణం కాపాడానని మా ఆవిడతో అన్నాను. ఆవిడ చేతులు జోడించి దేవుడి పటం వైపు చూసింది. నేను ఆ దండంలో కొంత నాకే అనుకున్నాను.

గురువారం సాయంత్రం అల్ అజీజియాలో మా ఇంటి దగ్గరి కూరగాయల కొట్టులో క్లబ్బు వ్యాను డ్రైవరు కనబడ్డాడు. జగిత్యాల వైపు మనిషి. ఆటగాళ్లను మా ఆసుపత్రికి తెచ్చేదీ తీసుకెళ్లేదీ అతనే కాబట్టి, ఏళ్ల తరబడి పరిచయం. నన్ను అన్నా అని పిలుస్తాడు. ఆ రోజు ముఖం అదోలా ఉంది.

"ఏం తమ్ముడూ, ఒంట్లో బాగాలేదా?"

"నాకేమైందన్నా, మంచిగనే ఉన్న. గా ఇంగ్లండు పోరన్ని జూస్తెనే పానం ఉసూరుమంటున్నది. మూడు దినాలసంది రూమ్లకెల్లి బయటికొస్తలేడు. తిండి దీస్కపోతె తలుపు కొద్దిగ తీసి తీస్కుంటుండు, మల్ల ఏస్కుంటుండు. నిన్న లోపటికి పిలిచిండు. మంచం మీద కూసోని, గిట్ల మెడ మీద రెండు వేళ్లు పెట్టుకోని లెక్కబెడుతుండు."

"ఏం లెక్కపెడుతున్నాడు?"

"గుండె కొట్టుకునుడు. నిద్రల ఆగిపోతదేమోనని పంటలేడట. ఐతారం టికెట్ చేసిండ్రు. నేనే ఎయిర్‌పోర్టుల దింపాలె."

టమాటాలు ఏరుతున్నాను.

"అన్నా, ఓ మాట అడుగుత, ఏమనుకోకు. గా పోరడు నన్నడిగిండు. ఆ మిషన్ సారు నా దిక్కు సరిగ్గ ఒక్క నిమిషం గూడ సూడలే, గంతల్నే అంత పెద్ద రోగం తెలుస్తదా అని. నాకేం తెలుస్తది? మా అన్న మస్తు సీనియరు, చిటికెల చెప్తడు అన్న. నిజమే కదా?"

"నిజమే," అన్నాను.

ఆ టమాటాలు అక్కడే వదిలేసి వచ్చానని ఇంటికి వెళ్లాక మా ఆవిడ అడిగితే తెలిసింది.

శుక్రవారం సెలవు. పొద్దున్నే టిఫిన్ కూడా చేయకుండా ఆసుపత్రికి వెళ్లాను. మా విభాగంలో ఎవరూ లేరు. కంప్యూటరు తెరిచి ఆ కుర్రాడి చిత్రాలన్నీ మొదటి నుంచి చూశాను. నేను ఆపి దాచినది ఒక్కటే, కానీ మిషన్ ఆ చిత్రానికి ముందూ వెనకా కదులుతున్న గుండెను కూడా కొంతసేపు దాచుకుంటుంది. దాన్ని నెమ్మదిగా నడిపిస్తూ చూశాను. మూడోసారి చూసేటప్పుడు కనబడింది. గోడ ఒక తీరున కదులుతోంది, దాన్ని ఆనుకున్న పోగు ఇంకో తీరున కదులుతోంది. రెంటి మధ్య వెంట్రుకంత నల్లటి గీత. ఆగిన చిత్రంలో ఆ గీత లేదు. కదిలే చిత్రంలో ఉంది. గీత దాకానే కొలిస్తే పన్నెండు. మళ్లీ కొలిచాను. పన్నెండు.

పన్నెండంటే ఆటగాడికి మామూలే.

చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అతనికి రోగం లేకపోవచ్చన్న సంతోషం ముందు రాలేదు. ముందు వచ్చింది భయం, అదీ నా గురించే. నా కాంట్రాక్టు రెన్యూవల్ కాగితం ఆ వారమే మేనేజరు బల్ల మీదికి వెళ్లింది. మా ఇద్దరి ఇఖామాలూ, అంటే అక్కడ ఉండే అనుమతులు, దానిమీదే ఆధారపడి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఒక్క ఫిర్యాదు లేని ఫైలు నాది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, మెత్తగా, మంచిమాటలాగా: ఎలాగూ ఇంగ్లండులో ఎమ్మారై తీస్తారు, అక్కడే తేలిపోతుంది, నువ్వెందుకు మధ్యలో?

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ కాకినాడ మనిషి, ఏదీ నాన్చదు.

"అంటే ఆ పిల్లాడికి ఏమీ లేదా?"

"లేదనే అనుకుంటున్నాను. ఎమ్మారై తీస్తే గానీ ఖాయంగా చెప్పలేం."

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నారేంటండీ?"

"ఉద్యోగం పోవచ్చు. కాగితం మేనేజరు దగ్గరుంది."

"పోతే పోతుంది. ఇంటికెళ్లిపోదాం. అక్కడ వాడు మెడమీద వేళ్లు పెట్టుకుని కూర్చుంటే, ఇక్కడ మీకు అన్నం ఎలా దిగుతుందండీ?" అని ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

డాక్టరుగారు సముద్రం ఒడ్డున పిల్లలతో ఉన్నారు. వెనక నుంచి కేకలూ నవ్వులూ వినిపిస్తున్నాయి. నేను చెప్పడం మొదలుపెట్టాక ఆయన నడుచుకుంటూ దూరంగా వెళ్లినట్టున్నారు, ఆ శబ్దాలు తగ్గిపోయాయి. మొత్తం విన్నారు.

"రేపు ఉదయం తొమ్మిదికి అతన్ని రప్పించు. క్లబ్బుకి నేను చెబుతాను. నేను స్వయంగా చూసేదాకా అతనితో ఒక్క మాట అనకు. ఒక్క మాట కూడా," అన్నారు. ఫోను పెట్టేశారు. ఎప్పుడు మాట్లాడినా చివర్లో "యా అఖీ", అంటే సోదరా, అని పిలిచే మనిషి ఆ రోజు పిలవలేదు.

శనివారం తొమ్మిదికి డ్రైవరు అతన్ని తీసుకొచ్చాడు. డాక్టరుగారిని ఐసీయూ నుంచి ఎవరో అత్యవసరంగా పిలిచారు. నలభై నిమిషాలు ఆలస్యమయింది. ఆ నలభై నిమిషాలూ ఆ చిన్న గదిలో ఆ కుర్రాడూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. అతను మంచం అంచున, నేను స్టూలు మీద. నాకు తెలిసింది చెప్పకూడదు. చెప్పి, డాక్టరుగారు కాదంటే, ఆశపెట్టి రెండోసారి చంపినట్టవుతుంది.

ఊరికే ఉండలేక అడిగాను: "నువ్వు ఆటలో ఏం చేస్తావు? గోల్స్ కొడతావా?"

వారంలో మొదటిసారి ఎవరో ఆ సంగతి అడిగినట్టు చూశాడు.

"లేదు. మధ్యలో ఆడతాను. వెనకవాళ్ల దగ్గర్నుంచి బంతి తీసుకుని ముందువాళ్లకు అందిస్తాను. బంతి పోతే వెంటపడి లాక్కోవాలి. మిగతావాళ్లందరికన్నా ఎక్కువ పరుగెత్తేది మేమే."

తర్వాత తనంతట తనే చెప్పుకొచ్చాడు. ఉత్తర ఇంగ్లండులో ఓడరేవు ఊరు వాళ్లది. తండ్రి సిటీ బస్సు నడుపుతాడు. ఎనిమిదేళ్లకే ఒక క్లబ్బు వాళ్ల శిక్షణలో చేర్చుకున్నారట. పద్నాలుగేళ్లకు, ఒళ్లు చాల్లేదు, చిన్నగా ఉన్నావు అని పంపించేశారు. ఇంటిదాకా కారులో వాళ్లమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదట. ఇల్లు చేరాక మాత్రం, దిగవద్దని కారు వెనక్కి తిప్పి, చేపలూ బంగాళాదుంప వేపుళ్లూ అమ్మే దుకాణానికి తీసుకెళ్లిందట. అది చెబుతూ నవ్వాడు. తర్వాత ఇంకో క్లబ్బు తీసుకుంది. పదిహేడేళ్లప్పుడు పెద్దవాళ్ల జట్టులో మొదటిసారి ఆరు నిమిషాలు ఆడించారు. ఆ ఆరు నిమిషాల్లో బంతిని రెండుసార్లే తాకాడట, అందులో ఒకటి ఎదుటివాళ్లకే ఇచ్చాడట. పోయిన ఏడాది కింది తరగతి క్లబ్బు ఒకదానికి అప్పుగా పంపారు. ముప్పై దాటిన మొరటు మనుషులు మడమలు విరిగేలా తన్నేవారట. "అక్కడే నేర్చుకున్నాను," అన్నాడు. "అక్కడ చివరి మ్యాచికి జనం నా పేరు పాడారు. రెండు వందల మంది ఉంటారేమో. అయినా పాడారు." ఆ చిన్నప్పటి శిక్షకుల్లో ఒకాయన ఇప్పుడు ఇక్కడ ఈ క్లబ్బుకే కోచ్. ఆయనే అడిగి పిలిపించుకున్నాడు. ఇక్కడ రోజూ ఆడితే, వెనక్కి వెళ్లాక సొంత క్లబ్బులో చోటు దొరుకుతుందని ఆశ.

"అమ్మకి చెప్పాను, ఆట అయిపోయిందని," అన్నాడు. "నాన్న బస్సు డిపోలో నాకు పని చూస్తానన్నాడు. మంచిమాటగానే అన్నాడు."

లేచి ఏసీ తగ్గించాను, మళ్లీ పెంచాను.

డాక్టరుగారు వచ్చారు. నా వైపు చూడలేదు. తనే కుర్చీ లాక్కుని ప్రోబ్ పట్టుకున్నారు. ఇరవై నిమిషాలు చూశారు. పై నుంచి, పక్క నుంచి, కింద నుంచి. అతన్ని ఊపిరి తీసుకోమన్నారు, వదలమన్నారు, ఇంకొంచెం తిరగమన్నారు. నేను గోడకానుకుని నిలబడ్డాను. చివరికి ఆయన చెయ్యి ఆగింది. గోడ, దాని పక్కన నల్లటి గీత, ఆవల పోగు. పుస్తకంలో బొమ్మ గీసినంత స్పష్టంగా ఉన్నాయి.

ప్రోబ్‌ని నా చేతికిచ్చి లేచారు. "ఇప్పుడు నువ్వు కొలువు."

కొలిచాను. పన్నెండు.

"మళ్లీ."

పన్నెండు.

ఆయన ఆ కుర్రాడి వైపు తిరిగారు. "లేచి కూర్చో నాయనా. నీ గుండె గోడని మొన్న మేము ఉన్నదానికన్నా మందంగా కొలిచాం. ఇవాళ నేను చూసినంతలో అది ఆటగాడి గుండె, రోగి గుండె కాదు. కానీ ఒకసారి తప్పాం కాబట్టి నా మాట కూడా నమ్మకు. రేపు దమ్మామ్‌లో వేరే ఆసుపత్రిలో ఎమ్మారై తీస్తారు. నేను మాట్లాడి ఉంచాను. ఎల్లుండి ఖాయంగా చెబుతాను. విమానం మానుకో."

"మేము" అన్నారాయన. అది నాకు మింగుడుపడలేదు.

"మేము కాదు," అన్నాను. "నేను. తప్పు నాది. ఆ రోజు తొందరలో పక్కనున్న కండని కూడా కలిపి కొలిచాను. నువ్వు పదహారేళ్లప్పటి పరీక్ష గురించి చెప్పావు, అది కూడా వినిపించుకోలేదు. క్షమించు."

అతని చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. జెల్ తుడుచుకోవడానికి ఇచ్చిన కాగితాన్ని ఉండలా నలిపాడు.

"ఐదు రోజులు," అన్నాడు. "ఐదు రోజులు పడుకుని నా గుండె నేనే విన్నాను. అమ్మ ఫోనులో ఏడ్చింది. మా అమ్మ ఏడవదు. నేను చిన్నప్పుడు నన్ను తీసేసిన రోజు కూడా ఏడవలేదు."

అతను చొక్కా తొడుక్కుని, డాక్టరుగారికి మాత్రం తల ఊపి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక డాక్టరుగారు నా స్టూలు మీద కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఒకటి అడుగుతాను, నాకు చెప్పక్కర్లేదు, నీకు నువ్వే చెప్పుకో," అన్నారు. "నిన్న నువ్వు మళ్లీ చూసినప్పుడు గోడ సన్నగా కనబడింది, మంచి వార్త కాబట్టి పరుగెత్తుకొచ్చావు. ఇంకో రోగిది నువ్వు మామూలని రాసి, తర్వాత చూస్తే మందంగా కనబడితే? అప్పుడూ ఇంతే తొందరగా ఫోను చేస్తావా?"

నేను ప్రోబ్ మీది జెల్ తుడుస్తున్నాను.

"నేను చేస్తానా అని నన్ను నేనే రాత్రంతా ప్రశ్నించుకున్నాను యా అఖీ," అన్నారు. "నీ అంకె మీద సంతకం నాది. కదిలే చిత్రం నేనూ చూడలేదు." ఆ అఖీ అన్న మాట విన్నాకే నా ఒంట్లోకి రక్తం తిరిగి వచ్చింది.

ఆదివారం ఎమ్మారై అయింది. సోమవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఆ రెండు రోజులూ నేను ఎంతమందికి ఎకో చేశానో గుర్తులేదు గానీ, ఒక్కొక్కరినీ ఎంతసేపు చూశానో గుర్తుంది. బయట కూర్చున్న రోగులు విసుక్కున్నారు. మా కేరళ సిస్టరు రెండుసార్లు తలుపు తీసి, "ఏమైంది సార్, లోపల నిద్రపోతున్నారా?" అని అడిగింది.

సోమవారం డాక్టరుగారు నన్ను గదికి పిలిచారు. ఆ కుర్రాడూ, డ్రైవరూ అప్పటికే అక్కడ ఉన్నారు. క్లబ్బు ఆయన కూడా ఉన్నాడు, ఈసారి వాచీ చూసుకోవడం లేదు. డాక్టరుగారు కాగితం చేత్తో పట్టుకుని, ముందు ఇంగ్లీషులోనూ, తర్వాత అరబీలోనూ చెప్పారు. గోడ పన్నెండు. ఎక్కడా మచ్చ లేదు. రోగం లేదు. ఆడవచ్చు.

"పరుగెత్తచ్చా?" అని అడిగాడు అతను, ఇంకా అర్థం కానట్టు.

"పరుగెత్తు. మెట్లు కూడా ఎలా కావాలంటే అలా ఎక్కు."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత తిరిగి, పక్కన నిలబడి ఉన్న మా జగిత్యాల తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. నన్ను కాదు. న్యాయమే. ఐదు రోజులు తలుపు సందులోంచి అన్నం అందించింది అతను. డ్రైవరు ఆ పొడుగాటి పిల్లాడి వీపు మీద తడుతూ, అతనికి ఒక్క ముక్క అర్థం కాదని తెలిసి కూడా, "ఏం గాలె బిడ్డా, ఏం గాలె, ఏడువకు," అంటున్నాడు. తను ఏడుస్తూనే.

వెళ్లేటప్పుడు ఆ కుర్రాడు నా ముందు ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి చాపాడు. చెయ్యి కలిపాను. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఇద్దరిలో ఎవరిది తడో చెప్పలేను.

నా తప్పు గురించి నేనే కాగితం రాసి ఇచ్చాను. మేనేజరు చదివి, ఇలాంటివి జనం దాస్తారు, రాసివ్వరు అన్నాడు. ఫైల్లో హెచ్చరిక లేఖ ఒకటి చేరింది. కాంట్రాక్టు మాత్రం రెన్యూవల్ అయింది. డాక్టరుగారు ఆ వారం నుంచే ఒక నియమం పెట్టారు: ఆటగాడు ఎవరైనా సరే, ఆడకూడదు అని రాయబోయే ముందు ఇద్దరు విడివిడిగా కొలవాలి, కదిలే చిత్రం చూడాలి, ఈసీజీ కాగితం బోర్లించి పెట్టి ఉండాలి. నేను రిటైరయ్యే దాకా అది నడిచింది. ఇప్పుడూ నడుస్తోందని విన్నాను. ఇన్నేళ్ల నా సర్వీసులో ఆసుపత్రికి నావల్ల జరిగిన మేలు అదొక్కటే అనుకుంటే, అది నా తప్పులోంచి వచ్చింది.

మూడు వారాల తర్వాత డ్రైవరు ఫోను చేశాడు. "అన్నా, మనోడు రేపు బెంచి మీద ఉంటడట. పాసులు దెచ్చిన, వదినను గూడ దీస్కరా." ఆ మనోడు అన్నమాట నాకు చాలా నచ్చింది.

మా ఆవిడ జీవితంలో మొదటిసారి స్టేడియానికి వచ్చింది. నేనూ అంతే. సాయంత్రం ఎండ ఇంకా గోడల మీద ఉంది. ఎవరు ఎటు ఆడుతున్నారో మాకు తెలిసేసరికే సగం ఆట అయిపోయింది. చివరి ఇరవై నిమిషాలకు అతన్ని లోపలికి పంపారు.

అతను బాగా ఆడలేదు. ఇది నా మాట కాదు, మా చుట్టూ కూర్చున్నవాళ్లంతా అరబీలో అదే అన్నారు. మొదటి బంతి ఎదుటివాళ్లకిచ్చాడు. రెండోది గీత దాటించాడు. కోచ్ గీత దగ్గర నిలబడి చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. కానీ పరుగెత్తాడు. అటు చివరికీ, ఇటు చివరికీ, బంతి ఉన్నా లేకపోయినా. నేను ఆటను చూడటం మానేసి ఆ ఎర్ర చెవుల్ని మాత్రమే చూస్తూ కూర్చున్నాను.

ఇంకో ఐదు నిమిషాలుందనగా మైదానం మధ్యలో ఎవరో అడ్డంగా దూకారు. అతను గాల్లోకి లేచి కింద పడ్డాడు. పడి, కదల్లేదు.

నేను లేచి నిలబడ్డాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. పక్కన డ్రైవరు "అయ్యో" అన్నాడో లేదో నాకు వినిపించలేదు. ఎమ్మారై కాగితంలోని ప్రతి వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆ క్షణంలో వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

అతను కాలు పట్టుకుని దొర్లాడు. తర్వాత చివాలున లేచాడు. తనని పడేసినవాడి ముఖంలో ముఖం పెట్టి అరిచాడు, ఛాతీతో ఛాతీని తోశాడు. రెఫరీ పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ విడదీసి, జేబులోంచి పసుపు కార్డు తీసి మనోడికే చూపించాడు. జనం గోల చేశారు. అతను ఊరుకోలేదు, రెఫరీతో కూడా వాదన పెట్టుకున్నాడు. చేతులు ఊపుతూ, మెడనరాలు ఉబ్బేలా.

నేను నవ్వుతున్నాను. ఆపుకోలేకపోతున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"అదేంటండీ, తప్పు చేశాడని కార్డు చూపిస్తుంటే మీరలా నవ్వుతారు?" అంది మా ఆవిడ.

"చూపించనీ," అన్నాను. "లేచాడు, చూశావా."